నొస్తుందా బాపూ

"బస్సు బోల్తా పడకుండ వస్తె గదే పదివేలు," అంది చిలుకమ్మ, పైకే.

వినడానికి అక్కడ ఎవరూ లేరు. వాకిట్లో రెండు కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి. దండెం మీద కటింగు షాపు తువ్వాళ్లు ఆరుతున్నాయి. పొయ్యి మీద చాయ్ నీళ్లు మరుగుతున్నాయి. అయినా భయాన్ని లోపల దాచుకునే అలవాటు చిలుకమ్మకు లేదు. నోటితో అనేస్తే ఆ కీడు పక్కకు తప్పుకుంటుందని ఆమె నమ్మకం. మబ్బు పడితే పిడుగంటుంది, ఫోన్ మోగితే దవాఖాన అంటుంది. పెళ్లయిన కొత్తలో మొగుడు ఆగయ్య పడిపడి నవ్వేవాడు. "నీ నోట్లె ఎప్పుడు గండమే గాని పండుగ రాదేందే," అనేవాడు. ఇప్పుడు ఆమె ఏమన్నా ఆయన నవ్వడు, కసరడు కూడా. కసిరినా బాగుండునని ఆమెకు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ పొద్దు భయానికి కారణం ఉంది. కూతురు శృతి వస్తోంది. హన్మకొండ నుంచి తొర్రూరు దాకా బస్సు, అక్కడి నుంచి నర్సింహులపేటకు ఆటో. రమ్మన్నది చిలుకమ్మే. ఆగయ్యకు చెప్పలేదు.

దగ్గరగా వేసిన తలుపు సందులోంచి ఆమె లోపలికి చూసింది. ఆగయ్య చొక్కా తొడుక్కుంటున్నాడు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, అదేదో తనది కాని వస్తువు అన్నట్టు, మెల్లగా చొక్కాలోకి దూర్చాడు. దవడలు బిగుసుకున్నాయి. చప్పుడు మాత్రం రానివ్వలేదు.

వానకాలంలో పట్టేసింది ఆ భుజం. తొర్రూరు డాక్టరు ఫోటో తీయించి, ఎముక మంచిగనే ఉంది, లోపల గట్టిపడింది, రోజూ మెల్లమెల్లగా కదిలించాలె, ఎవరితోనైనా భుజం పట్టించుకోవాలె అని చెప్పాడు. ఆగయ్య నాలుగు రోజులు గోలీలు మింగి, తగ్గిందన్నాడు. అంతే, ఆ మాట అక్కడితో ఆపేశాడు.

కాని చేసేది చేతి పని. ఊళ్లో ఆగయ్యకు పేరు వచ్చిందే ఆ చేతుల వల్ల. గడ్డం గీశాక తలకు మాలీషు చేస్తే, పొలం మీద కొట్లాడుకుని వచ్చినవాడు కూడా కుర్చీలోనే గుర్రు పెట్టేవాడు. ఇప్పుడు చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. "జర కిందికి వంగు అన్నా," అని కూర్చున్నవాణ్ణే వంచి తల దువ్వుతున్నాడట. ఇద్దరు వంగుతున్నారు, ముగ్గురు బస్టాండు దగ్గర పెట్టిన కొత్త షాపుకు పోతున్నారు.

"చాయ్ తాగి పో."

"ఊఁ."

"మబ్బు పట్టింది. గొడుగు తీస్కపో."

"ఊఁ."

"చెయ్యి నొస్తుందా?"

ఆగయ్య గడప దగ్గర ఆగాడు. "తగ్గిందని చెప్పిన గదా," అని వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో రోజంతా వినపడే మాటలు ఇంతే. తర్వాత చిలుకమ్మ పొయ్యితో, కోళ్లతో, టీవీతో మాట్లాడుకోవాలి.

* * *

ఇది మొదటి నుంచీ మాటలు లేని ఇల్లు కాదు.

శృతి ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు పొద్దున్నే పాచిమొహంతో కాలు తాకిస్తే పట్టేసిన నడుం వదులుతుందని ఆ పక్క పల్లెల్లో నమ్మకం. పిల్లకు నడక వచ్చిందో లేదో, తెల్లారేసరికి వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నిద్రకళ్ల పిల్లను చిలుకమ్మ చంకలోంచి దించేది. పిల్ల ఎడమ కాలితో మూడుసార్లు తాకి, బెల్లంముక్క పుచ్చుకుని, మళ్లీ తల్లి చంక ఎక్కేది. వచ్చినవాళ్లు నవ్వుకుంటూ లేచిపోయేవారు.

అందరూ పోయాక ఆగయ్య పడుకునేవాడు. పొద్దంతా నిలబడి చేసే పని కదా, వీపు కర్రలా అయ్యేది. శృతి గోడ పట్టుకుని తండ్రి వీపు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది. "నొస్తుందా బాపూ?" అని అడుగడుక్కీ అడిగేది. "లేదు బిడ్డా, పిట్ట నడిసినట్టే ఉంది," అనేవాడు ఆగయ్య, మొహం చాపకు ఆనించి. వెన్నుపూస విరుగుతుందని చిలుకమ్మ మొత్తుకునేది. వాళ్లిద్దరూ నవ్వేవారు.

అది ఒక్కరోజుతో ఆగిపోయింది. శృతి ఏడో తరగతి పరీక్షకు తయారవుతుంటే ఊళ్లో పెద్దింటివాళ్లు బండి పంపారు. "ముసలామెకు నడుం పట్టింది. మంగలి ఆగయ్య పిల్లను ఎక్కించుకొని రమ్మన్నరు," అన్నాడు వచ్చినవాడు. అడగలేదు, రమ్మన్నారు. ఆగయ్య బండికి అడ్డం నిలబడి, "నా బిడ్డ రాదు," అన్నాడు. ఆ మాటకు ఆ ఇంటి గడ్డాల పని, పెళ్లిళ్ల పని అంతా పోయింది. ఆయన లెక్కచేయలేదు.

"ఒంటి పని నాతోనే ఆఖరు చిలుకా. నా బిడ్డ ఇంకోల ఒళ్ళు ముట్టది. కుర్సీల కూసొని కలం పట్టాలె," అన్నాడు. ఆ రోజు నుంచి తన వీపు కూడా తొక్కనివ్వలేదు.

శృతి మహబూబాబాద్‌లో డిగ్రీ చేసింది. తర్వాత హైదరాబాదులో ఏదో కోర్సు అంది. ఆ తర్వాత హన్మకొండలో దవాఖాన పని అంది. దవాఖానలో కుర్చీలు, కంప్యూటర్లు ఉంటాయి కదా, అదే అనుకున్నారు ఇద్దరూ. ఒకరోజు భూపాలపల్లి దిక్కు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి ఆగయ్య కుర్చీలో కూర్చుని గడ్డం చేయించుకుంటూ, మెచ్చుకోలుగానే అన్నాడు. "నీ బిడ్డ చేతుల మహిమున్నది ఆగన్నా. మా తమ్మునికి పక్షవాతమొస్తె, రోజు ఒళ్ళు పట్టి మసాజు చేసి, మళ్ల నిలవెట్టింది." బల్ల మీద వంతు కోసం కూర్చున్నవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. "మసాజు సెంటరా? గదేదో మాకు గూడ చెప్పరాదే."

ఆగయ్య ఆ గడ్డం పూర్తిగా గీశాడు. తువ్వాలుతో తుడిచాడు. ఇంటికి వచ్చి, "దానికి ఫోన్ చెయ్యకు," అన్నాడు. తర్వాత రెండు బతుకమ్మలు వచ్చి పోయాయి. శృతి వచ్చినప్పుడల్లా ఆయన షాపులోనే తిని షాపులోనే పడుకున్నాడు. చివరకు శృతి రావడమే మానేసింది.

చిలుకమ్మ మాత్రం ఫోన్ చేసేది, బావి దగ్గరికి పోయి, కొంగు అడ్డం పెట్టుకుని. కాని ఆమె భయం ఆమెది. టీవీలో పోలీసులు మసాజు సెంటర్ల మీద పడి ఆడపిల్లలను బండి ఎక్కించడం చూపిస్తారు. వాళ్లు మొహాలకు చున్నీలు చుట్టుకుంటారు. చిలుకమ్మ టీవీకి అంటుకుపోయి ఆ చున్నీల రంగులు చూసేది. తన బిడ్డకు కుట్టించిన రంగు కాదని తేలాకే అన్నం ముద్ద దిగేది. పక్కింటి ముత్తమ్మ అడిగితే, "కంప్యూటర్ల చీటీలు కొడ్తది," అని చెప్పేది.

* * *

ఆటో ఆగిన చప్పుడుకు చిలుకమ్మ పరుగెత్తింది. బిడ్డ రెండు కాళ్ల మీద, తల మీద ఒక్క గాయమైనా లేకుండా దిగింది. అది చూశాకే ఆమె ఊపిరి వదిలింది.

"గంతగనం చూస్తున్నవేందే అమ్మా?"

"చేతి బొటనేలు గట్ల ఉబ్బిందేంది?" అంది చిలుకమ్మ. అంత సంతోషంలోనూ ఆమె కంటికి అదే ఆనింది.

"పని మీద ఉబ్బింది. ఏం గాదు."

గోడ మీదుగా ముత్తమ్మ తల లేచింది. "ఏం బిడ్డా, మస్తు రోజులకు యాదికొచ్చినం! కంప్యూటర్ పని ఎట్లున్నది?"

శృతి తల్లి మొహం చూసింది, సంగతి అర్థమైంది.

"కంప్యూటర్ కాదు చిన్నమ్మా. ఒళ్ళు పట్టే పని. నడుం నొప్పులొచ్చినోళ్లకు, పక్షవాతమొచ్చినోళ్లకు. డాక్టరమ్మ చూసి రాసిస్తది, నేను చేస్త."

ముత్తమ్మ గోడ మీద మోచేతులు ఆనించింది. ఇక ఊరంతా పాకిపోతుందని చిలుకమ్మ కళ్లు మూసుకుంది.

"గట్లనా," అంది ముత్తమ్మ. "మరి గింత రోజులు చెప్పరేందే? నా మోకాలు జర చూడరాదు బిడ్డా, మెట్టు ఎక్కితె పానం పోతాంది."

శృతి నవ్వింది. చిలుకమ్మకు నవ్వు రాలేదు. ఇంత చిన్న మాటకా తాను రెండేళ్లు వణికింది?

లోపలికి రాగానే శృతి చాప పరిచింది. "కూసో. కుంటుతున్నవ్ నువ్వు."

"నాకేమైంది? నీ బాపు కోసం రమ్మన్న."

"బాపు వచ్చేదాక ఖాళీనే గదా. కాళ్ళు చాపు."

"వద్దు బిడ్డా. నరం గిట్ల తప్పితె? మొన్న ఎవలికో గట్లనే అయిందట..."

మాట పూర్తి కాకముందే గోరువెచ్చని నువ్వుల నూనెతో శృతి అరచేతులు ఆమె పాదాన్ని మూసేశాయి. ఒత్తలేదు. కాసేపు ఊరికే పట్టుకుంది, చలికి వణికే కోడిపిల్లను పట్టుకున్నట్టు. తర్వాత మడమ నుంచి వేళ్ల దాకా, పిక్క నుంచి మోకాలి దాకా మెల్లగా రాయసాగింది. పగుళ్ల దగ్గర చెయ్యి తేలిక చేసింది. పిక్కలో ముడి దగ్గర ఆగి, అది దానంతట అది వదిలేదాకా ఉంది.

"నొస్తుందా అమ్మా?"

లేదందామనుకుంది చిలుకమ్మ. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎందుకో ఆమెకే తెలియలేదు. నొప్పి లేదు, దుఃఖం అనుకోవడానికి ఏమీ జరగలేదు. నీళ్లు మాత్రం ఆగడం లేదు.

"ఏడ్వనియ్యి," అంది శృతి, చెయ్యి ఆపకుండా. "మా దగ్గరికొచ్చేటోళ్లు శానామంది గిట్లనే ఏడుస్తరు. ఒకామె మెడ పట్టిందని కొత్తగూడ దిక్కు నుంచి వచ్చింది. కొడుకు పోయిండట. మెడ మీద చెయ్యేసిన్నో లేదో వలవల ఏడ్చింది. మెడ తగ్గినంక గూడ వచ్చింది. గిక్కడికొచ్చి పోయిన దినం నిద్ర పడుతుంది బిడ్డా అన్నది. పోయిన మనిషిని నేను తేలేను గదా అమ్మా. గని గా నిద్రన్న ఇయ్యగలిగిన."

చిలుకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తనను ఎవరైనా ఇలా ముట్టుకుని ఎన్నాళ్లయింది? గుర్తు చేసుకుంటే, ఆఖరుసారి గాజుల దుకాణంలో గాజులు ఎక్కించిన ఆమె. అంతే. పక్కన మనిషి ఉన్నాడు, ఆయన చేతులు ఊరందరి తలల మీదా ఉన్నాయి. ఇంటికి వచ్చేసరికి ఆ చేతుల్లో ఏమీ మిగిలేది కాదు.

"నేను టీవీల చున్నీ రంగులు చూసేదాన్ని బిడ్డా," అంది. శృతి రెండో పాదం చేతుల్లోకి తీసుకుంది.

* * *

మధ్యాహ్నం అన్నానికి ఆగయ్య వచ్చాడు. గడప అవతల చెప్పులు చూసి నిలబడిపోయాడు. వెనక్కి తిరుగుతాడనుకుంది చిలుకమ్మ. తిరగలేదు. చాలా ఆకలి మీద ఉన్నాడో, అలసిపోయి ఉన్నాడో.

"ఎవల్ని అడిగి పిలిపిచ్చినవ్?" అన్నాడు భార్యతో.

"బాపూ, జర చెయ్యి చూపియ్యి," అంది శృతి.

"నా చెయ్యి మంచిగనే ఉన్నదని చెప్పు," అన్నాడు చిలుకమ్మతో.

చిలుకమ్మ బిడ్డ వైపు తిరిగింది. "మంచిగనే ఉన్నదట."

"మంచిగుంటె పైకి లేపుమను."

"లేపుమంటాంది."

"నా ఇంట్ల నాకు పరీక్షలు పెట్టద్దని చెప్పు. సదివిపిచ్చింది గిందుకు గాదని చెప్పు. గీ చేతులతోని నేను ముప్పొద్దుల ఊరోళ్ల ఒళ్ళు పట్టింది, నా బిడ్డ పట్టద్దనే అని చెప్పు."

"నేను పట్టేది ఎవలో బండి పంపితె గాదు బాపూ. నొప్పితోని నా దగ్గరికొస్తరు. అక్కా అని పిలుస్తరు. నువ్వు చేసిన పని తప్పని నాకెన్నడు అనిపియ్యలే. నీకెందుకు అనిపించింది?"

ఆగయ్య మొహం నల్లబడింది. "నలుగురిల నవ్విండ్రని చెప్పు," అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

ఇద్దరూ చిలుకమ్మ వైపు చూశారు, ఆమె చెప్పాలని. ఆమె చెప్పలేదు.

"నేను చెప్ప," అంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "గింత చిన్న ఇంట్ల ఇద్దరికి నడుమ ఉత్తరాలు మోసుడు నాతోని గాదు. ఇద్దరు మాట్లాడుకోండ్రి, లేకుంటె కొట్లాడుకోండ్రి. నాకు భయమైతుందయ్యా! నువ్వు తలుపేసుకొని చొక్క తొడుక్కుంటుంటె సందులకెల్లి చూస్తున్న. గా చెయ్యి పడిపోతె నువ్వు షాపుకు పోవు, ఊకె గోడ చూసుకుంట కూసుంటవ్. గప్పుడు నేను ఎవలితోని మాట్లాడాలె? కోళ్లతోనా? ఊరందరి తలలు పట్టినవ్. నీ తల ఎవలు పట్టిండ్రు? నా తల ఎవలు పట్టిండ్రు? మనకు ఎవలున్నరయ్యా?"

గోడ అవతల ముత్తమ్మ టీవీ ఆగింది.

ఆగయ్య ఎప్పుడూ చేసేదే చేయబోయాడు, వెళ్లిపోబోయాడు. మేకుకు తగిలించిన, ఇళ్లకు పిలిస్తే పట్టుకుపోయే తోలు పొదిని తీయడానికి చెయ్యి చాపాడు. అలవాటు మీద కుడిచెయ్యే చాపాడు. అది సగంలో ఆగింది. అయినా గుంజాడు. పొది జారి కింద పడింది. కత్తెర, దువ్వెనలు, గడ్డం కుంచె, వాళ్ల నాయిన నాటి కత్తి నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఆగయ్య భుజం పట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని, గోడకు ఆనుకున్నాడు.

చిలుకమ్మ ఏరడానికి వంగింది. శృతి ఆపింది. తను కూడా ఏరలేదు. ముక్కాలి పీట తెచ్చి తండ్రి వెనక వేసింది.

"కూసో బాపూ."

చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు, మొహం గోడ వైపు పెట్టి.

శృతి ఆయన వెనక నిలబడింది. ఇన్నేళ్లూ ఆయన నిలబడ్డ చోటు అది. ఆయన ముందు కూర్చున్నవాళ్లలా ఇప్పుడు ఆయన కూర్చున్నాడు. చొక్కా గుండీలు తీసింది. మంచి చేతి నుంచి ముందు విడిపించి, తర్వాత నొప్పి చేతి మీదుగా జార్చింది. నూనె అరచేతుల్లో రుద్దుకుని మెడ మీద పెట్టింది.

చిలుకమ్మ దేవుని పటం వైపు చూసి, ఎముక విరగొద్దని మొక్కుకుంది. తర్వాత బిడ్డ చేతులు చూసింది. చూసి, మొక్కు మరిచిపోయింది. వేళ్లు దగ్గర చేర్చి మెడ వెనక నుంచి భుజం దాకా జార్చే ఆ తీరు, చివర బొటనవేలితో చిన్నగా ఆపే ఆ తీరు, కళ్లు మూసుకుని చెప్పొచ్చు, అవి ఆగయ్య చేతులే. ఎవరూ నేర్పలేదు. షాపు కుర్చీ పక్కన పలక పట్టుకుని కూర్చున్న రోజుల్లో పిల్ల ఊరికే చూసేది, అంతే.

ఆగయ్యకూ అది తెలిసినట్టుంది. ఆయన తల కొంచెం వంగింది.

"నొస్తుందా బాపూ?"

శృతి ఆయన భుజం చుట్టూ నెమ్మదిగా పట్టింది. మోచేతి కింద తన చెయ్యి ఆనించి ఆయన చేతిని కొద్దిగా పైకి లేపింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. అక్కడే ఆగింది.

"చెప్పకపోతె నేను లేపలేను. ఎక్కడ నొస్తుందో నువ్వే చెప్పాలె. నాకు బయటికెల్లి కనవడది."

బయట కోడి కూసింది. రోడ్డు మీద తొర్రూరు ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. చిలుకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మొహం చాపకు ఆనించి ఈ మనిషి ప్రతిసారీ చెప్పిన మాట ఆమెకు తెలుసు. ఇప్పుడూ అదే అంటాడు, లేకపోతే ఏమీ అనడు. శృతి చెయ్యి దించేసి బస్సెక్కుతుంది. ఇక ఎప్పటికీ రాదు. ఆమె మనసు అప్పుడే ఖాళీ వాకిలి దాకా పోయింది.

శృతి కదల్లేదు. తండ్రి చేతిని ఎక్కడ ఆగిందో అక్కడే, రొమ్ము ఎత్తున, తన చేతుల మీద మోస్తూ ఉంది. ఆమె బొటనవేలు ఆయన కళ్ల ముందే ఉంది, ఎర్రగా, కణుపు దగ్గర ఉబ్బి. ఆగయ్య దాన్ని చూశాడు. చూస్తూనే ఉన్నాడు. అలాంటి కణుపులు ఆయనకు పదిహేడో ఏట వచ్చాయి. ఎవరూ అడగలేదు.

ఆయన ఎడమ చెయ్యి మెల్లగా లేచి ఆ బొటనవేలిని పిడికిట్లోకి తీసుకుంది.

"నొస్తుందా బాపూ?" అంది శృతి మళ్లీ. ఈసారి గొంతు చిన్నపిల్లదయింది.

"నొస్తుంది బిడ్డా," అన్నాడు ఆగయ్య గోడ వైపే చూస్తూ. "శాన నొస్తుంది. చిన్నప్పుడు నువ్వు తొక్కినప్పుడు గూడ నొచ్చేది. ఆపుతవేమోనని చెప్పలే."